జెట్టీ మీద జవాబుదారీ ఎవరిది?

తీరంలో ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న లేస్తుంది: అక్కడ అడిగే నాథుడే లేడా? 2023 మే 7న కేరళలోని తానూరులో విహార పడవ బోల్తాపడి పసిపిల్లలతో సహా 22 మంది చనిపోయినప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. అదే ఏడాది నవంబరు 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి, తెల్లారేసరికి నలభై దాకా మరపడవలు కాలిపోయినప్పుడు మళ్లీ వచ్చింది. 2024 డిసెంబరు 18న ముంబయి గేట్‌వే నుంచి ఎలిఫెంటా దీవికి వెళ్తున్న ‘నీల్‌కమల్’ ఫెర్రీని నౌకాదళ స్పీడ్‌బోటు ఢీకొట్టి 15 మంది మరణించినప్పుడు ఇంకోసారి వచ్చింది. విచారణకు ఆదేశిస్తారు, పరిహారం ప్రకటిస్తారు, లైఫ్ జాకెట్ లేనిదే పడవ ఎక్కనివ్వొద్దని ఉత్తర్వు ఇస్తారు. కొన్ని నెలలు గడిచాక ఆ ఉత్తర్వు ఊసెత్తేవారుండరు. ఇంకో రేవులో ఇంకో ప్రమాదం జరిగితే అదే ప్రశ్న మొదటి నుంచి మొదలవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ ప్రశ్న ఇప్పుడు మరీ ముఖ్యం. దశాబ్దాలపాటు 974 కిలోమీటర్లుగా లెక్కవేస్తూ వచ్చిన మన తీరం కొత్త కొలతల్లో 1,053 కిలోమీటర్లుగా తేలింది. ఇంత పొడవున చెప్పుకోదగ్గ ఫిషింగ్ హార్బర్లు చాలాకాలం నాలుగే: విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం. రేవు లేకనే శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస పోయారు. వారిలో కొందరు 2018 నవంబరులో అక్కడి పడవల మీద వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కి ఏడాదికి పైగా జైల్లో మగ్గారు. ఆ లోటు తీర్చడానికి జువ్వలదిన్నె, ఉప్పాడ, నిజాంపట్నం, మచిలీపట్నాల్లో తొలి దశ కింద, ఆ తర్వాత మరికొన్ని చోట్ల వందల కోట్లు వెచ్చించి కొత్త హార్బర్లు, పాతవాటి విస్తరణ తలపెట్టారు. స్వాగతించాల్సిన పనే. అయితే జెట్టీలు, వేలం హాళ్లు, ఐస్ ప్లాంట్ల మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా ఆ రేవులో రోజువారీ భద్రతను ఎవరు నడిపిస్తారన్న దాని మీద జరగలేదు. మన రేవుల్లో కొరత నిబంధనలకు కాదు. వాటిని జెట్టీ మీద నిలబడి అమలు చేసే అధికారం, దానితోపాటే వచ్చే జవాబుదారీతనం ఒక్క చోట లేకపోవడమే అసలు లోపం.

విశాఖ అగ్నిప్రమాదాన్నే తీసుకోండి. నిప్పు ఎవరు పెట్టారన్న దాని మీద వారం రోజులు రకరకాల కథలు నడిచాయి. ఒక పడవ మీద నుంచి పారేసిన సిగరెట్ ముక్క పక్క పడవలోని నైలాన్ వల మీద పడిందని చివరకు పోలీసులు తేల్చారు. సిగరెట్ ముక్క ఒక పడవను కాల్చగలదు. నలభై పడవలను కాల్చింది మాత్రం వాటిని కట్టిన పద్ధతి. వేట నుంచి వచ్చిన పడవ జెట్టీ వార చోటు లేక ఇంకో పడవ పక్కన, ఆ పక్కన మరొకటిగా అంచుకు అంచు ఆనించి వరుసలు కట్టుకుంటుంది. బయటి వరుసలో ఉన్న కళాసీ ఒడ్డుకు రావాలంటే లోపలి పడవలన్నీ దాటుకుని రావాలి. ఒక్కో పడవలో వేల లీటర్ల డీజిల్, వంటకు గ్యాస్ బండలు, గుట్టగా పోసిన వలలు, తాళ్లు. వేటకు సిద్ధమైన పడవ అంటే ఇంధనం నింపుకున్న పడవ అని అర్థం. మధ్యలో ఖాళీ వదలని ఆ వరుసల్లోకి ఫైరింజన్ గొట్టం ఎటు నుంచి పోవాలి? మండుతున్న పడవను తాడు కోసి ఎవరు లాక్కెళ్లాలి, ఎక్కడికి లాక్కెళ్లాలి? ఈ ప్రశ్నలకు జవాబు ముందే రాసిపెట్టి ఉండాలి. ఒకరి పేరు మీద ఉండాలి.

ఇంకో సంగతి గమనించాలి. విశాఖ పక్కనే పెద్ద పోర్టు ఉంది. తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది. మంటలార్పే టగ్గులు, శిక్షణ పొందిన సిబ్బంది కూతవేటు దూరంలో ఉన్నారు, వచ్చారు కూడా. అయినా అంత నష్టం జరిగింది. అదే మంట నిజాంపట్నంలోనో, జువ్వలదిన్నెలోనో, అర్ధరాత్రి, ఈదురుగాలి వేళ లేస్తే పరిస్థితేమిటో ఊహించడం కష్టం కాదు. విశాఖ ఘటన జరిగి రెండు వారాలు తిరక్కముందే కాకినాడ తీరంలో భైరవపాలెం దగ్గర సముద్రంలో ఒక పడవ అంటుకుంది. అందులోని 11 మందిని కోస్ట్ గార్డు నౌక కాపాడింది. ఆ నౌక దగ్గర్లో ఉండటం వాళ్ల అదృష్టం. రేవు భద్రతను అదృష్టం మీద నడపలేం.

మన తీరంలో రేవు అత్యంత ప్రమాదకరంగా ఉండేది వేట జోరుగా సాగే రోజుల్లో కాదు, వేట ఆగిన రోజుల్లో. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. ఆ రెండు నెలలూ సముద్రంలో ఉండాల్సిన పడవలన్నీ ఒక్కసారిగా రేవులోనే ఉంటాయి. ఏడాదికోసారి చేసే మరమ్మతులన్నీ అప్పుడే: వెల్డింగ్, రంగులు, ఫైబర్ అతుకులు, ఇంజన్ విప్పడం. ఎండ మండిపోయే కాలం. నిప్పు రవ్వలు, థిన్నర్ డబ్బాలు, ఎండిన వలలు పక్కపక్కనే. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కూడా ఇదే రద్దీ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ హార్బర్‌లో కట్టి ఉన్న పడవలే ఒకదానికొకటి కొట్టుకుని పగిలి మునిగాయి. ఒక రేవు ఎన్ని పడవలను క్షేమంగా పట్టగలదన్న లెక్క వేసి, ఆ లెక్క దాటితే మిగిలిన వాటిని ఎక్కడికి పంపాలో ముందే నిర్ణయించే వ్యవస్థ ప్రపంచంలో మంచి రేవులన్నింటికీ ఉంది. మనకు జెట్టీ పొడవు ఎంతో తెలుసు, దానికి ఎన్ని పడవలు కట్టొచ్చో రాసిన పలక మాత్రం కనపడదు.

రేవు లోపలి సంగతి అలా ఉంచి, పడవలు సముద్రంలోకి వెళ్లే మొగ దగ్గరికి వద్దాం. చిన్న హార్బర్లలో ఎక్కువ ప్రాణాలు పోయేది అక్కడే. తూర్పు తీరం వెంబడి అలలు ఇసుకను ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నెడుతుంటాయి. ఆ ప్రవాహానికి అడ్డంగా బ్రేక్‌వాటర్ గోడ కడితే దక్షిణం వైపు మేట వేస్తుంది, ఉత్తరం వైపు కోత పెడుతుంది. గోడ చివర తిరిగిన ఇసుక మొగలోకి చేరి తిన్నెగా మారుతుంది. తిన్నె మీద లోతు తగ్గేసరికి బయట మామూలుగా ఉన్న అల అక్కడికి వచ్చి నిటారుగా లేచి విరుగుతుంది. వెనక నుంచి వచ్చిన ఆ అల పడవను అడ్డం తిప్పితే ఇక బోల్తాయే. మచిలీపట్నం గిలకలదిండి మొగలో ఇసుక మేట వల్ల పడవలు పోటు కోసం గంటల తరబడి కాచుకున్న రోజులు అక్కడి మత్స్యకారులందరికీ తెలుసు. సరుకుతో తిరిగొచ్చిన పడవ ఐస్ కరిగిపోతోందన్న ఆత్రంలో, పోటు రాకముందే మొగ దాటే ప్రయత్నం చేస్తుంది. దాన్ని నిర్లక్ష్యం అనలేం. రేటు పడిపోతుందన్న భయం అది.

ఈ విషయంలో కేరళలోని ముతలపొళి మనందరం చదవాల్సిన పాఠం. తిరువనంతపురం జిల్లాలో వామనపురం నది, కడినంకుళం సరస్సు సముద్రంలో కలిసే చోట పడవల రక్షణ కోసం రెండు బ్రేక్‌వాటర్లు కట్టారు. రక్షణ కోసం కట్టిన ఆ మొగలోనే అరవై మందికి పైగా మత్స్యకారులు ప్రాణాలు కోల్పోయారు. గోడల అమరికలో లోపం, మేట వేసిన ఇసుక, తీయాల్సిన వేళకు తీయని పూడిక అన్నీ కలిసి ఆ పని చేశాయి. 2025 ఏప్రిల్‌లో మొగ పూర్తిగా ఇసుకతో మూసుకుపోయింది. మత్స్యకారులు రోడ్డెక్కాక గానీ యంత్రాలు కదల్లేదు. కొత్తగా కట్టే ప్రతి హార్బరూ ఒక ముతలపొళి అవుతుందని కాదు. కానీ నిర్మాణం పూర్తయ్యాక వారంవారం మొగ లోతు కొలిచి, ఆ అంకెను జెట్టీ మీద రాసి, ఫలానా లోతు కంటే తగ్గితే పూడికతీత దానంతటదే మొదలయ్యేలా ముందే ఒప్పందం ఉండాలన్న పాఠం నేర్చుకోకపోతే, వందల కోట్లు పెట్టి ప్రమాదాన్నే కట్టుకున్నట్టవుతుంది. పూడికతీతకు ప్రతిసారీ ఫైలు కదిపి టెండరు పిలిచే పద్ధతి ఇసుక వేగాన్ని అందుకోలేదు.

మూడో సమస్య కొత్తది, వేగంగా పెరుగుతున్నది. ఒకే నీటిలో వేట పడవ, విహార పడవ, జెట్‌స్కీ, కొన్ని చోట్ల సరుకు బార్జీలు కలిసి తిరగడం. తానూరులో మునిగింది చేపల పడవను మార్చి తయారుచేసిన విహార బోటు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించారు, పొద్దుపోయాక బయల్దేరింది. ముంబయిలో ఇంజన్ పరీక్ష కోసం దూసుకెళ్తున్న స్పీడ్‌బోటు, ప్రయాణికుల ఫెర్రీ ఒకే దారిలో ఉన్నాయి. ఫెర్రీలో ఉండాల్సిన వారికంటే ఎక్కువ మంది ఉన్నారు. రెండింటిలోనూ కనపడే వరుస ఒకటే: మార్పుచేసిన లేదా నిండిపోయిన పడవ, వేగానికీ దారికీ హద్దు లేని నీళ్లు, బయల్దేరే ముందు ఆపగలిగిన మనిషి లేకపోవడం. పర్యాటకాన్ని పెంచాలనుకుంటున్న ఏ తీరానికైనా ఈ వరుస ఎదురవుతుంది. సెలవు రోజున హోప్ ఐలాండ్ చూపిస్తామని వేట పడవలో నలుగురిని ఎక్కించుకునే జాలరిని తప్పుపట్టి లాభం లేదు. అతనికి ఆ రోజు కూలి గిట్టింది. ఆ పడవకు ప్రయాణికులను ఎక్కించే అర్హత ఉందో లేదో రేవులోనే చూసి చెప్పే మనిషి ఉండాలి, అర్హత తెచ్చుకునే సులువైన దారీ ఉండాలి.

గోదావరి మనకు ఈ పాఠం ముందే నేర్పింది. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ఠ’ మునిగినప్పుడు పడవలో ఎంతమంది ఉన్నారన్నది తేలడానికే రోజులు పట్టింది. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టాలని నిర్ణయించింది. పడవ బయల్దేరే ముందు తనిఖీ, ఎక్కినవారి లెక్క, నీటిమట్టం చూసి అనుమతి, వివిధ శాఖల సిబ్బంది ఒకే కప్పు కింద. ఆలోచన సరైనదే. అయితే వాటిలో రుషికొండ తప్ప మిగతావన్నీ నదులు, జలాశయాల మీదివే. ప్రాణాలకు ఎక్కువ ముప్పున్న సముద్రపు రేవులకు ఆ ఆలోచన విస్తరించలేదు. విహారయాత్రికుడు ఎక్కే పడవకు తనిఖీ ఉండాలనుకున్నాం, రోజూ వేటకెళ్లే కళాసీ ఎక్కే పడవకు అక్కర్లేదనుకున్నాం. ఈ తేడాకు సమర్థన ఏమీ లేదు.

ఇక చట్టం సంగతి. వేట పడవ రిజిస్ట్రేషన్, లైసెన్సు మత్స్యశాఖవి. 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం దానికి ఆధారం. విహార పడవకు వేరే శాఖ. పెద్ద పోర్టు ఆవరణలో ఉన్న రేవైతే నేల, నీళ్లు పోర్టువి. నిర్మాణం, పూడికతీత మారిటైమ్ బోర్డువి. గేటు దగ్గర మెరైన్ పోలీసు, హద్దు దాటితే కోస్ట్ గార్డు, నిప్పంటుకుంటే అగ్నిమాపక శాఖ, వేలం దగ్గర సంఘాలు. ఇందరున్నా ‘ఈ ఆరో వరుస పడవను ఇక్కడ కట్టొద్దు, అక్కడికి తీయి’ అని చెప్పగలిగిన అధికారి ఒక్కరూ లేరు. చెప్పినా వినాలన్న కట్టడి లేదు. నిజానికి అలాంటి అధికారాన్ని మన చట్టం వందేళ్ల కిందటే ఊహించింది. 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం కింద కన్సర్వేటర్ అనే అధికారికి ఏ నౌక ఎక్కడ లంగరు వేయాలో, ఎక్కడ కట్టాలో ఆదేశించే హక్కు ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2025 చట్టం ఆ వ్యవస్థను కొనసాగించింది, జరిమానాలు విధించే అధికారాన్ని జోడించింది. హార్బర్ మాస్టర్ ఆ అధికారి కింద పనిచేస్తారు. పెద్ద పోర్టుల్లో రోజూ చూసే ఈ ఏర్పాటును మత్స్య రేవులకు వర్తింపజేయడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. కావాల్సింది నోటిఫికేషన్, మనిషి, జీతం.

దీన్ని వ్యతిరేకించేవారి వాదనలు తేలిగ్గా తీసిపారేసేవి కావు. మొదటిది మత్స్యకారులది: ఇంకో అధికారి వస్తే ఇంకో చేయి చాస్తుంది, ఇంకో ఫీజు కడతాం, డీజిల్ ఖర్చులకే కుదేలైన మాకు అది మోయలేని భారం అంటారు. అనుభవం నుంచి వచ్చిన భయం అది. రెండోది: సముద్రాన్ని పుట్టినప్పటి నుంచి చదివిన, పడవ నడిపే తండేలుకు, డిగ్రీ చదివి వచ్చిన అధికారి ఎప్పుడు వేటకెళ్లాలో చెప్పడమేమిటి అన్నది. ఇందులోనూ నిజముంది, కానీ సగమే. బయట సముద్రం మీద తండేలు మాటే చెల్లాలి. మొగలో నిన్నటికి ఇవాళ్టికి మారిన ఇసుక తిన్నె, రెండు వందల పడవలు కట్టిన జెట్టీ ఒక తండేలు అనుభవానికి అందేవి కావు. అది అందరి ఉమ్మడి సొత్తు, దానికి ఉమ్మడి కట్టడి కావాలి. మూడో వాదన అధికార యంత్రాంగం నుంచి వస్తుంది: వీళ్లు వినరు, కాబట్టి జెట్టీ పొడవు పెంచడమే దారి అని. ఇది తప్పు. చోటు పెరిగిన కొద్దీ పడవలూ పెరుగుతాయి. హద్దు రాయని రేవు ఎంత పెద్దదైనా నిండిపోతుంది.

పైగా ‘వినరు’ అన్న మాట మన తీరప్రాంత చరిత్రకు సరిపోదు. ఏ రోజు వేటకెళ్లకూడదు, ఏ వల వేయకూడదు అని మత్స్యకార గ్రామాలు తమకు తామే కట్టుబాట్లు పెట్టుకుని తరాలుగా నడుపుకున్నాయి. నెల్లూరు, ప్రకాశం తీరాల్లో దురాయి పేరుతో పెద్దలు ఇచ్చిన ఆజ్ఞను ఊరంతా పాటించిన రోజులున్నాయి. ఆ వ్యవస్థ పేదలను, ఆడవాళ్లను, ఎదురు మాట్లాడినవాళ్లను వెలివేసిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి దాన్ని యథాతథంగా తెచ్చుకోమని ఎవరూ అనరు. కానీ నియమం పెట్టే చోట తమ మాట ఉంటే మత్స్యకారుడు దానికి కట్టుబడతాడన్నది తేలిన విషయం. బయటి నుంచి ఊడిపడిన నియమానికే ఎదురుతిరుగుతాడు.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా విప్పుకున్నాయో చూస్తే ఒక పోలిక కనపడుతుంది. బ్రిటన్‌లో 1996లో ‘సీ ఎంప్రెస్’ చమురు నౌక మిల్ఫర్డ్ హావెన్ దగ్గర రాళ్లకు తగిలి వేల టన్నుల చమురు ఒలికాక, రేవుల భద్రతకు బాధ్యులెవరన్న చర్చ మొదలైంది. 2000లో వచ్చిన పోర్ట్ మెరైన్ సేఫ్టీ కోడ్ ప్రతి రేవు సంస్థకూ బాధ్యత వహించే వారెవరో ముందే ప్రకటించాలంది. ప్రమాదం జరిగాక వెతకడం కాదు, ముందే పేరు చెప్పడం. చేపల పడవలు ఓ యాభై ఉండే చిన్న రేవులోనూ హార్బర్ మాస్టర్ ఉంటారు, ఏ పడవ ఎక్కడ ఉండాలో ఆయన మాటకు చట్టబద్ధత ఉంటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పడవ కట్టుకునే చోటు కావాలని ఒక్క వ్యక్తి అడిగినా ఆ పట్టణం హార్బర్ మాస్టర్‌ను నియమించి తీరాలని చట్టం చెబుతోంది. జపాన్ 1950లోనే మత్స్య రేవుల చట్టం చేసుకుంది. అక్కడున్న రెండు వేల ఏడు వందలకు పైగా మత్స్య రేవుల్లో ప్రతిదానికీ నిర్వహణ బాధ్యత ఏ స్థానిక సంస్థదో రాసి ఉంటుంది. రోజువారీ వ్యవహారాల్లో మత్స్యకార సహకార సంఘాలదే పెద్ద పాత్ర. చిన్న పడవల డెక్ మీద ఉన్న ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ తొడగాలన్న నియమం 2018 ఫిబ్రవరి నుంచి అక్కడ అమల్లోకి వచ్చింది.

న్యూజిలాండ్ అనుభవం మన మొగలకు దగ్గరిది. 2016 నవంబరులో కైపారా హార్బర్ ఇసుక తిన్నె దాటుతూ ‘ఫ్రాన్సీ’ అనే పడవ బోల్తాపడి ఎనిమిది మంది చనిపోయారు. తిన్నె దాటే ముందు, దాటాక కోస్ట్‌గార్డ్ వలంటీర్లకు రేడియోలో చెప్పడం, దాటేటప్పుడు జాకెట్ తొడగడం అక్కడ పడవ నడిపేవాళ్లకు నేర్పే మొదటి పాఠాలు. ఒడ్డుకు 200 మీటర్ల లోపు, ఇంకో పడవకో ఈతగాడికో 50 మీటర్ల లోపు ఐదు నాట్లకు మించి వేగం వెళ్లరాదన్న నియమం దేశమంతటా ఒకటే. అంత సరళమైన నియమం కాబట్టే జనానికి గుర్తుంటుంది. మన పొరుగున శ్రీలంకలో 1972 నుంచి మత్స్య హార్బర్ల కోసం ప్రత్యేక కార్పొరేషన్ ఉంది, ప్రతి రేవులో మేనేజర్ ఉంటారు. అక్రమ వేటను అడ్డుకోవడం లేదని 2015లో యూరోపియన్ యూనియన్ శ్రీలంక చేపలను నిషేధించాక, రోజుల తరబడి వేటకెళ్లే పడవలు బయల్దేరే ముందే అనుమతి తీసుకునే పద్ధతి గట్టిపడింది. 2016లో నిషేధం తొలగింది. చేపల ఎగుమతి కోసం పుట్టిన ఆ లెక్క, పడవ తిరిగి రాకపోతే ఎవరి కోసం వెతకాలో కూడా చెబుతుంది.

వీటన్నింటికంటే నన్ను ఎక్కువగా కదిలించేది ఐస్‌లాండ్. ఒకప్పుడు ఏటా పదుల సంఖ్యలో జాలర్లను సముద్రానికి పోగొట్టుకున్న దేశమది. 1985లో నావికుల భద్రతా పాఠశాల పెట్టింది. తర్వాత శిక్షణను తప్పనిసరి చేసింది, ఒక నౌకనే బడిగా మార్చి రేవు రేవుకూ తీసుకెళ్లింది. 2008లో ఆ దేశ చరిత్రలో తొలిసారిగా ఒక్క మత్స్యకారుడూ సముద్రంలో చనిపోలేదు. అక్కడి సముద్రం మన బంగాళాఖాతం కంటే చాలా కర్కశమైనది. ప్రపంచవ్యాప్తంగా ఏటా లక్ష మందికి పైగా మత్స్యకార వృత్తిలో చనిపోతున్నారని 2022లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. వేట నౌకల భద్రతకు అంతర్జాతీయంగా చేసుకున్న కేప్‌టౌన్ ఒప్పందం 24 మీటర్లు, అంతకు మించిన నౌకలకే. మన పడవల్లో అత్యధికం ఆ లెక్కలోకే రావు. వాటి గురించి ఆలోచించాల్సింది మనమే.

సాంకేతికత మన దగ్గర కొరతేమీ కాదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ చిన్న పడవల కోసమే హెచ్చరికల సేవ నడుపుతోంది. ఏడు మీటర్ల వెడల్పు వరకు ఉన్న పడవలు ఏ ప్రాంతంలో ఏ రోజు బోల్తాపడే అవకాశం ఉందో పది రోజుల ముందే అంచనా ఇస్తుంది. లక్ష పడవలకు ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం సుమారు రూ. 360 కోట్లతో 2024 ఆగస్టులో మొదలైంది. ఆపద వస్తే కోస్ట్ గార్డు 1554, మెరైన్ పోలీసు 1093 నంబర్లున్నాయి. అయితే ఇన్‌కాయిస్ సందేశం ఫోనుకు చేరడానికీ, మొగ దగ్గర ఎర్ర జెండా ఎగరడానికీ మధ్య ఒక నిర్ణయం ఉంది. ఆ నిర్ణయం తీసుకునే మనిషి ఇవాళ లేడు. తుపాను వేళ పోర్టుల్లో ఒకటి నుంచి పదకొండు వరకు నంబర్ల హెచ్చరికలు ఎగరేయడం మనందరికీ తెలుసు. తుపాను లేని రోజున, ఆకాశం నిర్మలంగా ఉండగా మొగలో అల విరుగుతుంటే చెప్పడానికి ఏ గుర్తూ లేదు. చాలా ప్రాణాలు అలాంటి రోజుల్లోనే పోతున్నాయి.

చేయాల్సిన పని స్పష్టం. ప్రతి మత్స్య హార్బర్ నీటిహద్దును 2025 పోర్టుల చట్టం కింద నోటిఫై చేసి, మారిటైమ్ బోర్డు తరఫున పూర్తికాలపు హార్బర్ మాస్టర్‌ను పెట్టాలి. నౌకాదళం, కోస్ట్ గార్డుల్లో పనిచేసి రిటైరైనవారు మన ఉత్తరాంధ్ర ఊళ్లలోనే కావాల్సినంత మంది ఉన్నారు. ఆయనకు సలహా ఇచ్చే కమిటీలో పడవ యజమానులతోపాటు కళాసీలు, చేపలమ్మే మహిళలు, విహార పడవలవాళ్లు ఉండాలి. నియమాలు ఆ కమిటీ ఆమోదంతోనే రావాలి. పడవల వరుసల మధ్య మంటలార్పే బోటు పట్టేంత ఖాళీ దారి, డీజిల్ నింపుకోవడానికి విడిగా జెట్టీ, వెల్డింగ్‌కు అనుమతి చీటీ, రాత్రి కాపలా, రేవు లోపల వేగానికి హద్దు, ఎవరు ఎంతమందితో వెళ్లారో ఎప్పుడు వస్తారో రాసే పుస్తకం: వీటిలో ఏదీ ఖరీదైంది కాదు. కేరళలో హార్బర్ నిర్వహణ సొసైటీలున్నాయి, కానీ వాటి దృష్టి ఎక్కువగా వేలం మీద, వసూళ్ల మీద ఉంటుంది. మన చట్రంలో భద్రతకే మొదటి స్థానం ఉండాలి.

డబ్బు సంగతి దాచాల్సిన పనిలేదు. ఫీజు ఉండాల్సిందే, అయితే అది జిల్లా ఖజానాకో రాజధానికో పోకూడదు. ఆ రేవు ఖాతాలోనే ఉండి, నెలనెలా జమాఖర్చు వేలం హాలు గోడ మీద కనపడాలి. తాను కట్టిన వంద రూపాయలు మొగలో దీపానికి, పూడికతీతకు పోయాయని కళ్లారా చూసిన జాలరి మరుసటి నెల అడగకుండానే కడతాడు. నాటు పడవలకు, తెప్పలకు ఫీజు పూర్తిగా మినహాయించాలి. రెండో దారి బీమా. విశాఖలో కాలిన పడవల్లో చాలావాటికి బీమా లేదు. ప్రభుత్వం పడవ విలువలో 80 శాతం పరిహారంగా ఇచ్చింది. ఆదుకోవడం న్యాయమే, కానీ బీమా సంస్థ చెల్లించాల్సిన సొమ్మును ప్రజలు చెల్లించారు. తనిఖీ నెగ్గిన పడవకు, నియమాలు పాటించే రేవుకు ప్రీమియం తగ్గించేలా ప్రభుత్వం బీమా సంస్థలతో మాట్లాడి, ప్రీమియంలో వాటా భరిస్తే పరిహారాల కంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ క్రమశిక్షణ వస్తుంది. వేట నిషేధ కాలంలో కుటుంబానికి ఇస్తున్న రూ. 20 వేల సాయానికి మాత్రం ఎలాంటి షరతూ పెట్టకూడదు. అది ఆకలి మీద ఇచ్చే సాయం. దాన్ని శిక్షణకు ముడిపెడితే శిక్షణే శిక్షవుతుంది. నిషేధపు రెండు నెలల్లో కళాసీలకు కూలి ఇచ్చి మరీ ఈత, మంటలార్పడం, రేడియో వాడకం నేర్పితే ఐస్‌లాండ్ దారిలో మనం వేసిన మొదటి అడుగు అవుతుంది.

ఈ ఏర్పాటు వల్ల తొలి ఏడాది గొడవలు తప్పవు. ఆరో వరుసలో కట్టే పడవకు చోటు లేదంటే యజమాని ఊరుకోడు. మొగ మూసిన రోజున వేట పోయినవాళ్లు నిలదీస్తారు. విహార పడవల లైసెన్సులు ఆపితే స్థానిక నాయకులు ఫోన్లు చేస్తారు. అందుకే హార్బర్ మాస్టర్‌ను ఇష్టానుసారం బదిలీ చేయకుండా కనీస పదవీకాలం ఇవ్వాలి, ఆయన ఆదేశం మీద అప్పీలు ఒక్క అధికారి దగ్గరికే వెళ్లాలి. అలాగే ఆ రేవులో ప్రాణం పోతే మొదటి సంజాయిషీ ఆయనే ఇవ్వాలి.

ప్రభుత్వానికి నా విజ్ఞప్తి ఒక్కటే. వచ్చే ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డుకు చేరేలోగా, కనీసం విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, జువ్వలదిన్నెలకు హార్బర్ మాస్టర్లను నియమించండి. ఒక్కో రేవు ఎన్ని పడవలను పట్టగలదో లెక్కించి, ఆ అంకెను, అధికారి పేరును, ఫోన్ నంబరును జెట్టీ మీద తెలుగులో రాయించండి.